కడియపులంక తోటలలో

రాజమహేంద్రవరమునుండి రావులపాలెమునకు పోవు జాతీయ రహదారిమీద వేమగిరి దాటినంతనే యిండ్లకంటె మొక్కలే యెక్కువగా కనబడ నారంభించును. త్రోవకు రెండు ప్రక్కలను కుండీలు, కుండీల వెనుక మళ్ళు, మళ్ళ వెనుక పచ్చని వలగుడ్డ కప్పిన పందిళ్ళు, ఆ పందిళ్ళ నీడలో వేలకొలది లేతమొక్కలు. కడియము, కడియపులంక, బుర్రిలంక, వీరవరము మొదలగు గ్రామములన్నియు నొక్కటే తోటవలె కలిసిపోయి యుండును. ఇచ్చటి మొక్కలు లారీలనెక్కి నానా రాష్ట్రములకు పోవుచుండును. ఏ దూరపట్టణములోనో యొక యింటి గుమ్మముముందు పూచిన గులాబి యీ గోదావరి యొండ్రుమట్టిలోనే తొలియాకు వేసి యుండవచ్చును.

లంక యనగా నది తన నడుమను తానే పెట్టుకొన్న మట్టిదిబ్బ. గోదావరి యేటేట తెచ్చి పోసిన మెత్తని మన్ను ఈ ప్రాంతమునకు మొదటి భాగ్యము. రెండవది కాలువ నీరు. ధవళేశ్వరమువద్ద కాటను దొర పూనికతో 1847లో మొదలిడి 1852లో ముగించిన యానకట్ట మూలమున తూర్పు డెల్టా కాలువలు పాఱినవి. ఆ పాత యానకట్ట స్థానమున ఇప్పుడు ఆ దొర పేరిటనే బారేజి నిలిచియున్నది. మూడవ భాగ్యము మనుష్యుల చేతి నేర్పు. అంటు కట్టువారు, మట్టి కలుపువారు, కుండీలు నింపువారు, కొమ్మలు నాటువారు ఉదయమునుండియే పనిలో నుందురు. వారిలో స్త్రీలు పెక్కుమంది. వారి వ్రేళ్ళు ఎంత వడిగా కదలునో, చూచినగాని తెలియదు.

మేము పుష్యమాసములో నొక చలిప్రొద్దున అచ్చటికి పోతిమి. వచ్చినది పూలు చూచుటకు మాత్రము కాదు. మా వదినగారు కాకినాడనుండి మూడు కొమ్మలను వేఱువేఱు కాగితములలో చుట్టి సంచిలో పెట్టుకొని వచ్చెను. కార్తీకమాసములో ఆమె పెరటిలోని మొక్కల నన్నిటిని కత్తిరించినది. చిగుళ్ళు వచ్చుటతోపాటు వానిపై ఎన్నడు నెఱుగని వింత మొలకలును వచ్చినవి. మల్లెకొమ్మపై తెల్లని నూగు, మందారపు పుల్లపై గట్టిపడిన గోధుమరంగు నురుగువంటి ముద్ద, గులాబి మొదట గరుకైన గడ్డ. ఇరుగుపొరుగువారు తలకొక మాట చెప్పిరి. పురుగన్నవారు కొందఱు, దృష్టి యన్నవారు కొందఱు. మూడిటిని పెఱికివేయుమని మాత్రము అందఱును ఏకగ్రీవముగా చెప్పిరి. ఆ గులాబి మా తల్లిగారు స్వహస్తములతో నాటినది. ఆమె గతించి నాలుగేండ్లైనది. అందుచే వదినగారు పెఱుకుటకు ముందు తెలిసినవారి నడుగవలెనని పట్టుపట్టెను.

మొక్కలను కత్తిరించుట మన యిండ్లలో ఏటేట జరుగు పనియే. వానలు వెనుకబడి చలి మొదలిడునప్పుడు గులాబిని, మార్గశిర పుష్యములలో మల్లెను, పూలు ముగిసినపిమ్మట చామంతిని కత్తిరింతుము. ఆకుల గుబురు తొలగగానే అదివఱకు కనబడని కఱ్ఱ కన్నులయెదుట పడును. కత్తెర చేసిన ప్రతి గంటును మొక్కకు గాయమే. ఆ గాయము మానుటకు మొక్క తాను చేయు ప్రయత్నమును, ఆ గాయమునుండి లోనికి జొరబడు శత్రువులును, లేతచిగురును కోరి వచ్చు చిన్న ప్రాణులును ఒకే కాలమున ఒకే చోట కనబడుటచే చూచువారికి కలవరము కలుగుట సహజము.

మమ్ము తోడ్కొనిపోయిన తోటపెద్ద డెబ్బది యేండ్ల వృద్ధుడు. వదినగారు కాగితములు విప్పబోవగా ఆయన చేయి యడ్డము పెట్టి యిట్లనెను: “అమ్మా, పేరు అడగడానికి ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలండి. తుడిస్తే పోతుందా? తాకితే కదులుతుందా? గోటితో గీరితే ఊడివస్తుందా? ఊడి రాకపోతే అది ఎక్కడ పుట్టింది, కోసినచోటా, అంటుకిందా, నేల మొదలా? ఈ నాలుగూ చూసుకుంటే సగం భయం అక్కడే పోతుందండి.” ఆయన ఆ ప్రశ్నలకు సమాధానములను మాటలతో గాక తోటలో నడిపించుచు చూపించెను. ఆయన చూపిన వరుసలోనే నేనును వ్రాయుచున్నాను.

మొదట కొమ్మలు నాటిన యిసుక మడివద్దకు పోతిమి. అచ్చట నొక యువతి నందివర్ధనపు కొమ్మముక్కలను పరీక్షించుచుండెను. ఆమె ఒకదానిని మెల్లగా పైకి తీసి చూపెను. కోసిన చివర చుట్టును తెల్లని గింజలు పేర్చినట్లు ఉబ్బు వచ్చియుండెను. వదినగారు “ఇది తెగులు కాదా?” యని యడుగగా ఆ యువతి నవ్వి, “కాదండి, ఇది రాకపోతేనే మాకు బెంగ. ఇది వచ్చాకే వేరు వస్తుంది” అనెను. బెరడునకును కఱ్ఱకును నడుమ నుండు సన్నని సజీవపొర గాయపడినప్పుడు క్రొత్త కణములను పుట్టించి ఆ గాయమును మూయ జూచును. మన చర్మముపై గాయమునకు పక్కు కట్టినట్లే యిదియు మానుటకు గుఱుతు. గాలి యంటు కట్టునప్పుడు కొమ్మ చుట్టును బెరడు నొలిచి తడినాచు కట్టిన చోటను మొదట వచ్చునది యిట్టి యుబ్బే.

కత్తిరించిన మోడుపై నిట్టి యుబ్బును గుర్తించుట సులభము. అది గాయపు టంచు చుట్టును ఉంగరమువలె పుట్టును. నునుపుగా నుండును. అంచునుండి నడిమికి జరుగుచు గాయము మూసుకొనగానే నిలిచిపోవును. చామంతిని కత్తిరించినపిమ్మట నేలలోనుండి గుంపుగా పొడుచుకొనివచ్చు లేత పిలకలును అట్టివే. అవి వింత మొలకలు కావు. మఱుసటి యేటి చామంతి మొక్కలే. తెలియనివారు కలుపని తీసిపాఱవేయుచుందురు. వేరుతో సహా విడదీసి నాటుకొన్నచో ఒక కుదురునుండి పెక్కు కుదుళ్ళగును.

పిమ్మట మల్లె మళ్ళకు పోతిమి. వదినగారు మొదటి కాగితము నిచ్చటనే విప్పినది. లేతకొమ్మమీదను ఆకులమీదను తెల్లని దూదినూగు పట్టియుండెను. మల్లెను తెల్లగా చేయునవి మూడున్నవని తోటపెద్ద చెప్పెను. మొదటిది బూడిద తెగులు. ఇది ఆకుపై పిండి చల్లినట్లుండును. వ్రేలితో రాచిన వ్రేలికి అంటుకొని ఆకు పచ్చగా బయటపడును. రెండవది పిండినల్లి. ఇది కణుపులలో చిన్న చిన్న దూదియుండలవలె నుండును. పుల్లతో నొక్కిన చితికి తడి కనబడును. చీమలు దానిచుట్టు తిరుగుచుండును. మూడవది తుడిచినను పోదు, చితుకదు. కంబళి ముక్కవలె ఆకునకే అతుకుకొని యుండును. వదినగారి కొమ్మపై నున్నది యీ మూడవది.

ఇది శిలీంధ్రమును కాదు, పురుగు గూడును కాదు. మల్లెయాకు తానే పెంచుకొన్న వెండ్రుకలు! వానిని పెంచునట్లు చేయునది కంటికి కనబడని యొక నల్లి. మంచములలోని నల్లి కాదు సుమా. సాలెపురుగు జాతికి దగ్గఱ చుట్టమైన సూక్ష్మప్రాణి. పొడవు మిల్లీమీటరులో అయిదవ వంతునకు మించదు. ఆ జాతిలో తక్కినవానికి నాలుగు జతల కాళ్ళుండగా దీనికి రెండే జతలు. ఇది లేతకణములను గుచ్చి రసము పీల్చునప్పుడు మొక్క యా తాకిడికి వెండ్రుకలు మొలిపించును. ఆ వెండ్రుకల నడుమనే యిది కాపురముండును. కానుగ యాకులపై మొటిమలవలె లేచు బుడిపెలను చూడనివారు మనలో నుండరు. అవియు నిట్టి నల్లి పనియే. కానుగచెట్టు వానిని లెక్కచేయదు. మల్లె మాత్రము నలిగిపోయి మొగ్గ తొడుగదు.

తోటపెద్ద చెప్పిన చికిత్స చిన్నది. నూగుపట్టిన కొమ్మల నన్నిటిని ఆరోగ్యమైన భాగమువఱకు కత్తిరించి అక్కడికక్కడే సంచిలో వేసి కాల్చవలెను. పెరటిలో నీడ్చుకొని పోరాదు. పిమ్మట నీటిలో కలియు గంధకపు పొడిని లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి యెండ తగ్గినపిమ్మట చల్లవలెను. మొక్కను పెఱుకనక్కఱలేదు. ఈ మాట విన్నప్పుడు వదినగారి ముఖము కొంత తేటపడినది.

మందారముల వరుసలో రెండవ కాగితము విప్పితిమి. పుల్లకు అంటుకొని యుసిరికాయంత గోధుమరంగు ముద్ద, నురుగు గట్టిపడినట్లున్నది. తోటపెద్ద దానిని చూడగానే, “దీన్ని ఎందుకు తెచ్చారమ్మా, ఇది మీ పెరటి కాపలావాడి ఇల్లు” అనెను. చేతులు జోడించినట్లు నిలుచుండు గొల్లభామ పురుగు పెట్టిన గ్రుడ్ల గూడు అది. తల్లి నురుగును స్రవించి అందులో గ్రుడ్లు పెట్టును. గాలి తగిలి అది గట్టిపడును. ఒక్కొక్క గూటినుండి పదులకొలది పిల్లలు పుట్టి దొరికిన పురుగునెల్ల తినును. అవి మేలు చేయు పురుగును వదలవనుట నిజమే. అయినను మొక్కను కొఱుకవు. ఆయన ఆ పుల్లను ఒక మందారపు కొమ్మకు దారముతో కట్టి అక్కడనే యుంచెను.

ఆ మందారములలోనే స్నేహితుని శత్రువుగా భ్రమింపజేయు మఱియొక వింత చూచితిమి. ఒక కొమ్మ చివర ఆకులు ముడుచుకొని గుత్తిగా గిడసబాఱియుండెను. అది పిండినల్లి పట్టిన గుఱుతు. ఆ పిండినల్లుల నడుమ, వానివలెనే తెల్లని మైనపు పోగులు కప్పుకొని వానికంటె పెద్దదైన ప్రాణి యొకటి వడిగా నడచుచుండెను. “నెమ్మదిగా ఉన్నది దొంగ, గబగబా నడిచేది పోలీసు” అని తోటపెద్ద చమత్కరించెను. అది అక్షింతల పురుగు జాతిలోనిదానికి పిల్ల; పిండినల్లులే దాని యాహారము. ఆ జాతిని 1898లో ఆస్ట్రేలియానుండి మనదేశమునకు తెచ్చిరి. నేడు దీనిని పెంచి తోటలలో విడుచుచున్నారు. తెల్లగా నున్నదని మందు చల్లినచో దొంగకంటె ముందు పోలీసు చచ్చును. కావున రెండవ ప్రశ్న, తాకిన కదలునా యనునది, చిన్న ప్రశ్న కాదు.

గులాబుల తోటకు చేరునప్పటికి ప్రొద్దెక్కినది. ఇచ్చట నాలుగవ ప్రశ్న పనికివచ్చును: ఎక్కడ పుట్టినది? మనము కొనితెచ్చు గులాబి సామాన్యముగా ఒక మొక్క కాదు, రెండు. నేలలో వేరు గట్టిగా పట్టు నాటురకపు మొక్క క్రింద, దానిపై అంటు కట్టిన పూలరకపు కన్ను పైన. కత్తిరించినపిమ్మట అంటునకు క్రిందనుండి బలమైన కొమ్మయొకటి బాణమువలె లేచిన సంతోషింపరాదు. అది క్రింది మొక్కది. దాని ఆకులు తీరు మాఱియుండును. అది పైమొక్క తిండిని తాను తిని కొన్నాళ్ళకు పైదానిని ఎండగట్టును. మా గులాబి చిన్న పూలు పూయుచున్నదని చింతించు గృహిణులు మొదట అంటు క్రింద చూడవలెను. ఆ కొమ్మను పైన కత్తిరించిన చాలదు. మన్ను తొలగించి పుట్టినచోటినుండి క్రిందికి లాగి యూడబెఱుకవలెను.

మూడవ కాగితము విప్పునప్పుడు వదినగారి చేతులు తొట్రుపడినవి. లోపల నున్నది గులాబి మొదటినుండి కోసిన ముక్క. నిమ్మకాయంత గడ్డ, పైన పగుళ్ళు, కాలిన బెండువలె గరుకు. తోటపెద్ద దానిని చేతితో తాకలేదు. పుల్లతో త్రిప్పి చూచెను. గోటితో నూడునది కాదు. కోసిన యంచున పుట్టి నిలిచిపోయిన ఉంగరము కాదు. అంటుపట్టునను నేలమట్టమునను పుట్టి యేమూలకు పడిన ఆమూలకు పెరిగినది. “మానే గాయానికి ఆగడం తెలుసమ్మా. దీనికి ఆగడం తెలియదు” అని ఆయన చెప్పెను. తన మడిలో నిట్టిది కనబడినచో అమ్మకమునకు పెట్టనని, మొక్కతో సహా కాల్చివేయుదునని కూడ చెప్పెను.

దీనిని మొదలు గడ్డ తెగులని చెప్పవచ్చును. మట్టిలో నుండు యొక బాక్టీరియా దీనికి కారణము. ఈ సంగతిని 1907లో అమెరికా వ్యవసాయశాఖలో పనిచేయుచుండిన ఎర్విన్ స్మిత్, టౌన్సెండు అనువారు డైజీమొక్కల గడ్డలనుండి కనిపెట్టిరి. స్మిత్ ప్రయోగశాలలో స్త్రీశాస్త్రజ్ఞులు పెక్కుమంది యుండిరి. వారిలో నెల్లీ బ్రౌన్ అను నామె ఈ పరిశోధనలో భాగస్వామిని. 1911లో వెలువడిన గ్రంథముపై ఆ యిరువురితోపాటు ఆమె పేరును కలదు. గాయము లేనిదే ఈ బాక్టీరియా లోనికి పోజాలదు. కత్తెర గాటు, అంటు గాటు, పాఱ తగిలిన వేరు, పురుగు కొఱికిన చోటు దీనికి ద్వారములు.

ఇందులో నొక యాశ్చర్యము కలదు. గడ్డ పుట్టినపిమ్మట బాక్టీరియాను చంపినను గడ్డ పెరుగుట మానదు. ఎందుకనగా ఆ బాక్టీరియా తన జీవలిపిలోని యొక తునకను మొక్క కణములలో అతికించి పోవును. అప్పటినుండి ఆ కణములు పెరుగుమను ఆజ్ఞను తమలోనే మోయుచుండును. 1977లో సియాటిల్ నగరపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున మేరీ-డెల్ చిల్టన్ అను విదుషియు ఆమె సహచరులును దీనిని నిరూపించిరి. పిమ్మట శాస్త్రజ్ఞులు గడ్డ పుట్టించు భాగమును తీసివేసి, దానికి బదులు తమకు కావలసిన గుణములను ఈ బాక్టీరియాచేతనే మొక్కలలో పెట్టించుట నేర్చిరి. మన దేశమున 2002లో అనుమతి పొంది తెలుగు రైతుల పొలములకును వచ్చిన బీటీ ప్రత్తి ఈ మార్గమున పుట్టినదే. చిల్టన్ గారు 2013లో ప్రపంచ ఆహార పురస్కారమును మఱి యిరువురితో పంచుకొనిరి. ఒక గులాబి మొదటి గడ్డ ప్రపంచపు పొలములను మార్చినదన్న నమ్ముట కష్టము, కాని నిజము.

మొక్కలపై పుట్టు గడ్డలు మన యింటివారికి బొత్తిగా క్రొత్తవి కావు. ఆయుర్వేదపు దుకాణములో కొను మాచికాయ కాయయే కాదు; పశ్చిమాసియాలోని యొక చెట్టుకొమ్మపై చిన్న కందిరీగవంటి పురుగు గ్రుడ్డు పెట్టుటచే లేచిన గడ్డ. పసిబిడ్డల దగ్గు మందులలో వాడు కర్కటశృంగియు కొమ్ము కాదు, కాయ కాదు. హిమాలయప్రాంతపు చెట్టుపై పేనుబంక కట్టించుకొన్న గూడు. కావున గడ్డ యను పేరు వినగానే బెదరిపోవుట తగదు. ఎవరు కట్టిన గడ్డ యనునదే ముఖ్యము.

“ఇది మానదా, తాతగారూ?” యని వదినగారు అడిగెను. మానదని ఆయన చెప్పెను. గడ్డను చెక్కివేసిన మఱల వచ్చును. పైకొమ్మలు తెగి నాటుకొందమన్నను, పైకి బాగుగా కనబడు కొమ్మలోనే తెగులు దాగియుండవచ్చును గనుక అదియు క్షేమము కాదు. అయితే ఆ మొక్క వెంటనే చావదు. పూలు తగ్గినను కొన్నేండ్లు బ్రతుకవచ్చును. ఒంటరిగా కుండీలో నున్నచో దానికొక కత్తెరను వేఱుగా పెట్టుకొని ఉంచుకొన్నను ఉంచుకొనవచ్చును. “మీ పెరట్లో దాని ప్రక్కన ఇంకా ఎన్ని ఉన్నాయమ్మా?” యని ఆయన యడిగెను. పదునొకండు గులాబులున్నవి. వానిలో ఆఱు ఈ మొక్కకొమ్మలనుండియే మా తల్లిగారు నాటినవి. వదినగారు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, “అయితే ఆ ఆఱింటికోసము దీనిని తీసివేయుదును” అనెను. నేనును కాదనలేదు.

తీసివేయు విధమును కూడ తోటపెద్ద చెప్పెను. వేరుచుట్టు మట్టితో సహా త్రవ్వి తీయవలెను. దానిని ఎరువు గుంటలో వేయక కాల్చవలెను. బాక్టీరియా మట్టిలో రెండేండ్లకు పైగా నుండగలదు గనుక ఆ చోట గులాబిని గాని చామంతిని గాని వెంటనే నాటరాదు. గడ్డిజాతి మొదలగు ఏకదళబీజపు మొక్కల కిది సామాన్యముగా సోకదు. మనము లిల్లీ యని పిలుచు నేలసంపెంగ, మెట్టతామర, పసుపు అచ్చట వేసికొనవచ్చును. తక్కిన ఆఱు మొక్కల మొదళ్ళను నెలకొకమాఱు మన్ను తొలగించి చూచుచుండవలెను.

తిరుగుత్రోవలో ఆయన కొన్ని పాతచెట్లను చూపి మిగిలినవానిని త్వరగా చెప్పెను. ముదురు కొమ్మపై బూడిదపచ్చని పొక్కులవలె నంటియుండునది రాతిపువ్వు జాతి. మసాలాలో మనము వేయు రాతిపువ్వునకు చుట్టమే. అది కొమ్మను తినదు. దానిని గీరుటవలన బెరడునకు గాయము తప్ప లాభము లేదు. చచ్చిన మోడుపై విసనకఱ్ఱవలె లేచు చిన్న పుట్టగొడుగు చచ్చిన కఱ్ఱను తినుచున్నదనుటకు సాక్షి. దాని క్రింద బ్రతికియున్న చోటివఱకు కత్తిరింపవలెను. కొమ్మలను చుట్టుకొని ఆకులు లేక పచ్చని దారములవలె ప్రాకు సీతమ్మ పోగునూలు మాత్రము రసము పీల్చునది; దానిని చుట్టుకొన్న కొమ్మతో సహా తీసివేయవలెను. మామిడికొమ్మపై వేఱు ఆకులతో మొలచు బదనిక విత్తును పక్షులు అంటించి పోవును; దాని క్రింద కొమ్మను నఱుకవలెను. మొదటిపై మట్టిపొర గట్టియున్న చెదలు. రాల్చి చూచినచో తెలియును.

ఇవి యన్నియు విన్నపిమ్మట కత్తెరయే తగవులన్నిటికి నడుమనున్నదని మాకు తోచెను. తోటలో పనివారు ఒక మొక్కనుండి యింకొక మొక్కకు పోవునప్పుడు కత్తి యలుగును స్పిరిటులో ముంచిన గుడ్డతో తుడుచుట చూచితిమి. ఇంటిలో స్పిరిటు లేనిచో బట్టల చలువకు వాడు బ్లీచింగు ద్రావణమును తొమ్మిది పాళ్ళ నీటిలో కలిపి అలుగును ముంచి, పని ముగిసినపిమ్మట కడిగి తుడిచి నూనె రాయవలెను. కొమ్మను కన్నునకు పై కొంచెము దూరమున ఏటవాలుగా ఒక్క కోతతో తెగునట్లు కత్తిరింపవలెను. పొడవైన మోడు విడిచిన అది యెండి పుట్టగొడుగులకు ఇల్లగును. నలిగిన కోత మానుట కాలస్యమగును. వానలో తడిసిన మొక్కను కత్తిరింపరాదు.

క్రొత్త మొక్క కొనునప్పుడు పూవును చూచి మోసపోరాదు. గులాబియైనచో అంటుపట్టును, నేలమట్టమును వ్రేలితో తడవి గడ్డ లేదని చూచుకొనవలెను. మల్లెయైనచో చిగురుటాకులను త్రిప్పి చూడవలెను. మందారమైనచో కొమ్మ చివరలు ముడుచుకొన్నవేమో చూడవలెను. తెచ్చిన మొక్కను పదునైదు దినములు వేఱుగా నుంచి పిమ్మట తక్కినవానిలో కలుపవలెను. మంచి తోటవాడు ఈ పరీక్షకు కోపగింపడు. తానే కుండీని ఎత్తి చూపును.

కడియపులంకలో పూలసంత చూడక రారాదు. గోనెలలో చామంతులు, బుట్టలలో గులాబులు, తడిగుడ్డ కప్పిన లిల్లీలు, బేరములాడు కేకలు. ఆ పూలన్నియు ఎవరో యొకరు వేళకు కత్తిరించి, కత్తిరించినచోట మొలచినదానిని గుర్తించి కాపాడిన కొమ్మలపై పూచినవే. సోదరీమణులారా! ఈ యేడు మీ పెరటిలో కత్తెర పట్టినపిమ్మట కొమ్మపై వింత కనబడినచో పాఱ తెచ్చుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేయుడు. నాలుగింట మూడుమాఱులు మొక్క మీ యింటనే నిలుచును. నాలుగవమాఱు దానిని తీసివేయవలసివచ్చినను, దేనిని కాపాడుటకు తీయుచున్నామో తెలిసి తీయుదురు.